వార్షిక నివేదిక 2024–25: విదేశీ విరాళాలు, చిన్న సేవా సంస్థల కష్టనష్టాలు

సభ్య సంస్థల ప్రతినిధులకు నమస్కారం.

ఈ ఏడాది మన సమాఖ్య పని ఎక్కువగా కాగితాల చుట్టూనే తిరిగింది. మంచినీరు, వైద్యం, బడి మానేసిన పిల్లలు అనే మన అసలు పనులకు బయటి డబ్బు వచ్చే దారి సన్నబడుతోంది. ఉన్న దారిలో కూడా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద ఒక్క గడువు తప్పితే సంస్థ ఖాతా స్తంభించిపోతుంది. అందుకే ఈసారి కార్యక్రమాల పట్టిక తగ్గించి, సభ్యులు తరచూ అడిగిన సందేహాలను, వాటికి కమిటీ ఇచ్చిన జవాబులను రాస్తున్నాం. మార్చి తర్వాత ఈ సభ నాటి వరకు వచ్చిన మార్పులు కూడా ఇందులో ఉన్నాయి. ఆడిట్ అయిన జమాఖర్చులు విడిగా జతపరిచాం.

అమెరికా సాయం ఆగినప్పుడు

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో ఆ దేశపు విదేశీ సాయం 90 రోజులు నిలిచిపోయింది. జూలై 1 నుంచి ఆ సాయాన్ని పంచే ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల అమలే ఆగింది. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ ఆ నిధుల మీదే నడిచేది. డబ్బు ఆగగానే మూతపడింది. హెచ్‌ఐవీ మందులకు మాత్రం ఇబ్బంది రాలేదు. వాటిని నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ద్వారా కేంద్రం కొని, ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో ఉచితంగా ఇస్తోంది. పోయింది కౌన్సెలింగ్, అక్కడికక్కడే పరీక్ష, హార్మోన్ల చికిత్స తెలిసిన డాక్టరు, ముఖ్యంగా చిన్నచూపు లేకుండా పలకరించే చోటు.

2003లో గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో నడిచింది. దాన్ని దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు కాబట్టి పని నిలబడింది. ఈ రెండింటికీ తేడా అప్పగింతలోనే ఉంది. కనుక కొత్త ఒప్పందం రాసుకునేటప్పుడు మూడు సంగతులు పెట్టించండి: నిధులు ఆపాలంటే దాత ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఆగాక సిబ్బంది జీతాలు ఎంతకాలం ఎవరు ఇస్తారు, లబ్ధిదారుల రికార్డులు ఏ ప్రభుత్వ కేంద్రానికి చేరాలి.

మనవాళ్లు పంపే డబ్బు

ఎక్కువమంది చిక్కుకున్నది ఇక్కడే. అమెరికాలో ఉన్న మన ఊరి అబ్బాయి ఇచ్చేది విదేశీ విరాళం అవుతుందా? జవాబు అతని పాస్‌పోర్టులో ఉంటుంది. భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వస్తూపోతూ ఉంటే, ఇక్కడి బ్యాంకు ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే. సంక్రాంతికి ఊరొచ్చి చేతికిచ్చిన చెక్కుకూ ఇదే వర్తిస్తుంది.

తమ్ముడి ఖాతాలో వేసి తమ్ముడి పేరుతో ఇప్పిస్తే సరిపోతుందని కొందరి ఆలోచన. సరిపోదు. ఎన్ని చేతులు మారినా మూలం విదేశీయమైతే చట్టం దాన్ని విదేశీ విరాళంగానే లెక్కేస్తుంది. బంధువులు ఏడాదికి 10 లక్షల వరకు సమాచారం ఇవ్వకుండా తీసుకోవచ్చన్న 2022 నాటి సడలింపు ఆ కుటుంబం సొంత వాడకానికే. సంఘానికి దానితో సంబంధం లేదు.

కొత్త ప్రమాదం క్యూఆర్ కోడ్. ప్రవాసుల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ బ్యాంకు ఖాతాలను అమెరికా ఫోన్ నంబరుతో కూడా యూపీఐకి కలుపుకోవచ్చు. వాట్సాప్ గ్రూపులో మీ కోడ్ పెడితే ఎవరు ఏ పౌరసత్వంతో వేశారో స్టేట్‌మెంట్‌లో కనపడదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు కోడ్ పంపకండి. ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు, పౌరసత్వం గురించి ఒక వాక్యం రాసిన సంతకం తీసుకుని, తర్వాతే ఖాతా వివరాలివ్వండి. పొరపాటున పడిన మొత్తాన్ని ఖర్చుపెట్టవద్దు, ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకి మార్చవద్దు. బ్యాంకుకూ ఆడిటరుకూ రాతపూర్వకంగా చెప్పి, వెనక్కి పంపే ఏర్పాటు చేయండి.

ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోవడానికి ఉన్న దారి ఎఫ్‌సీ-3బీ ఫారం కింద ముందస్తు అనుమతి. ఒక దాత, ఒక పని, ఇంత మొత్తం అని దాత ఇచ్చిన హామీపత్రంతో అడగాలి. ఆ దాతే సంఘానికి ముఖ్య బాధ్యుడు కాకూడదు. కార్యవర్గంలో కనీసం 75 శాతం మంది దాతకు దగ్గరి బంధువులు కానివాళ్లై ఉండాలి. నాన్న అధ్యక్షుడు, బాబాయి కార్యదర్శి, మేనమామ కోశాధికారిగా ఉన్న ఊరి సంఘాలు ఆగేది ఇక్కడే. కేంద్ర హోంశాఖ 2025 ఏప్రిల్ 7 నోటీసు ప్రకారం అనుమతి వచ్చిన నాటి నుంచి మూడేళ్లలో డబ్బు రావాలి, నాలుగేళ్లలో ఖర్చు కావాలి. పూర్తి రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి.

ఖాతాలు, గడువులు

విదేశీ డబ్బు ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. అక్కడి నుంచి మీ ఊరి బ్యాంకులోని వినియోగ ఖాతాకు మార్చుకోవాలి. స్థానిక విరాళం ఒక్క రూపాయి కూడా ఇందులో కలవకూడదు. ఈ డబ్బు మీద వచ్చే వడ్డీ కూడా విదేశీ విరాళమే. ఎఫ్‌సీ-4లో (విదేశీ విరాళాల వార్షిక రిటర్నులో) దాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. గత ఏడాది ముగింపు నిల్వ, ఈ ఏడాది ప్రారంభ నిల్వ పైసలతో సహా సరిపోవాలి.

డబ్బేమీ రాకపోయినా ఎఫ్‌సీ-4 వేయాలి. రిటర్నులు వేయలేదన్న కారణంతోనే 2015లో దేశమంతటా దాదాపు 9,000 సంస్థల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. ఆ ఏడాది అలా రద్దయినవాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంస్థలే వెయ్యికి పైన. డబ్బు రాలేదు కదా, వేయడానికేముందని ఊరుకున్నవాళ్లు వీటిలో తక్కువేం కాదని మా అభిప్రాయం.

రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. గడువుకు కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు పెట్టాలని 2025 ఏప్రిల్ 8 నోటీసు చెబుతోంది. గడువు దాటితే కొత్త డబ్బు తీసుకోవడమే కాదు, ఖాతాలో ఉన్నది వాడటానికీ వీల్లేదు. కార్యవర్గం మారితే 45 రోజుల్లో ఎఫ్‌సీ-6ఈ ఫారం వేయాలి. ఎన్నికల తర్వాత జాబితాను సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇచ్చి, సేవా సంస్థల ప్రభుత్వ పోర్టల్ దర్పణ్‌లోనూ ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టల్‌లోనూ పాత పేర్లే వదిలేయడం మామూలైపోయింది. పునరుద్ధరణ అప్పుడు మూడు చోట్లా ఒకే పేర్లు, ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఉండాలి.

విదేశీ విరాళంలో పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. చట్టానికి 2020లో చేసిన సవరణకు ముందు ఇది 50 శాతం. ఆఫీసు అద్దె, వాహనం, లెక్కలు రాసే మనిషి జీతం ఇందులోకే వస్తాయి. ఆసుపత్రి డాక్టరు, బడి టీచరు జీతాలు రావు. నియామక పత్రంలో 'ఆఫీసు అసిస్టెంట్' అని రాసి, రోజూ రోగుల దగ్గర పనిచేయిస్తే ఆడిటరు పత్రాన్నే చూస్తాడు. పని ఏదో పత్రంలో అదే రాయండి.

ఆ సవరణలో మనకు ఎక్కువ నష్టం చేసింది సెక్షన్ 7. ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వడానికి ఇక వీల్లేదు. అంతకుముందు పెద్ద సంస్థలు తీసుకుని తండాల్లో, గూడేల్లో పనిచేసే చిన్న సంఘాలకు పంచేవి. లెక్కలు రాయగలిగిన పట్నపు సంస్థలకు డబ్బు మిగిలింది, ఊళ్లో పని తెలిసినవాళ్లకు పోయింది. ఈ సెక్షన్‌ను సడలించమని కేంద్ర హోంశాఖకు వినతి పంపాలని కమిటీ ప్రతిపాదిస్తోంది.

దాతలిచ్చిన వాటర్ ప్లాంట్లు

దాతలకు బాగా ఇష్టమైనది ఆర్వో ప్లాంటు: ఒకసారి ఇస్తారు, శిలాఫలకం ఉంటుంది. నడిపే ఖర్చు ఊరి మీద పడుతుంది. గంటకు 1,000 లీటర్ల ప్లాంటుకు మామూలుగా 4040 సైజు మెంబ్రేన్లు (నీటిని శుద్ధిచేసే పొరలు) నాలుగు ఉంటాయి. ఇసుక, కార్బన్ ఫిల్టర్లను రోజూ బ్యాక్‌వాష్ చేయకపోతే (నీటిని ఎదురు పంపి కడగకపోతే), 5 మైక్రాన్ కార్ట్రిడ్జిని నెలకోసారి మార్చకపోతే, పొలుసు కట్టనివ్వని యాంటీస్కేలెంట్ రసాయనం డ్రమ్ము ఎండిపోతే, రెండు మూడేళ్లు రావలసిన మెంబ్రేన్ ఏడాదిలోపే పొలుసు కట్టిపోతుంది. క్యాన్‌కు 5 రూపాయలు తీసుకుంటే అందులో 1 రూపాయి మెంబ్రేన్ల కోసం వేరే ఖాతాలో వేయండి. రోజుకు 150 క్యాన్లు పోతే ఏడాదికి సుమారు 55,000 చేరుతుంది.

నల్లగొండ, ప్రకాశం వంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఇంకో సమస్య. శుద్ధి అయిన లీటరు నీళ్లకు దాదాపు అంతే వృథా నీరు బయటికొస్తుంది, ఫ్లోరైడ్ అంతా దానిలో చిక్కబడుతుంది. దాన్ని బోరు పక్కనే వదిలితే తిరిగి అదే బోరులోకి దిగుతుంది. పశువుల తొట్టిలోకీ పట్టొద్దు. మరుగుదొడ్లు కడగడానికి వాడండి. శుద్ధి చేసిన నీటిని మూడు నెలలకోసారి పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. విదేశీ విరాళంతో కొన్న ప్లాంటు సంఘం పేరిటే ఉండాలి కాబట్టి, పంచాయతీ స్థలంలో కట్టేముందు స్థల వినియోగంపై పంచాయతీ తీర్మానం తీసుకోండి.

స్వదేశీ విరాళాలు

2021లో 12ఏ, 80జీ (సంస్థకూ దాతకూ ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే నమోదులు) పునర్నమోదు చేయించుకున్న సంస్థల్లో చాలావాటికి గడువు 2026 మార్చి 31 వరకే. దరఖాస్తుకు ఆఖరు తేదీ 2025 సెప్టెంబరు 30. దాతల వివరాల ఫారం 10బీడీ ఏటా మే 31 లోపు వేయాలి, ఆలస్యానికి రోజుకు 200 రుసుము. 2,000 దాటిన నగదుకు దాతకు 80జీ మినహాయింపు రాదు. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు అడగదలచినవారు ముందు సీఎస్‌ఆర్-1 నమోదు పూర్తిచేసుకోవాలి.

2024–25కి ఎఫ్‌సీ-4 గడువు 2025 డిసెంబరు 31. ఆఖరి వారంలో పోర్టల్ మొరాయిస్తుంది. నవంబరు 30 లోపు ముసాయిదా, రెండు ఖాతాల బ్యాంకు స్టేట్‌మెంట్లు కమిటీకి పంపినవారికి సరిచూసి తిరిగి ఇస్తాం.