విల్లు లింబు మీద 22 అని ఉంది, లాగితే 31 పౌండ్లు

కొర్లగుంట,
తిరుపతి.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ దగ్గర కొన్న టేక్‌డౌన్ రికర్వ్ విల్లులో లోపాలు, మీరు ఫిర్యాదును తోసిపుచ్చడం గురించి.

నమస్కారం.

నేను కొర్లగుంటలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. జూన్ రెండో వారంలో మా అమ్మాయి కోసం మీ వెబ్‌సైట్‌లో విడదీసి బిగించుకునే, కొసలు ముందుకి వంగిన 62 అంగుళాల టేక్‌డౌన్ రికర్వ్ విల్లు 11,800 రూపాయలకు కొన్నాను. బిల్లు కాపీ, ఫోటోలు, పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో జతచేస్తున్నాను. ఇప్పటికి మీకు నాలుగు మెయిళ్ళు పెట్టాను. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్తవాళ్ళు ఎత్తారు, ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పుకున్నాను. అందుకే ఈసారి మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

పాప తొమ్మిదో తరగతి చదువుతోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడ అబ్బాయి బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి ఆర్చరీ మిక్స్‌డ్ టీమ్‌లో కాంస్యం కోసం ఆడినరోజు టీవీ ముందునుంచి కదల్లేదు. వాళ్ళు నాలుగో స్థానంలో ఆగిపోతే అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ తర్వాత నేర్పించమని పట్టుబట్టింది. దాదాపు ఏడాది కోచ్ సార్ దగ్గరున్న వెదురు విల్లుతోనే సాధన చేసింది. ఇక సొంత విల్లు కావాలని సార్ చెప్పాక మేం వెతకడం మొదలుపెట్టాం.

పెద్ద పోటీలకు వాడే రైజర్, లింబులు, గురి చూసే సైటు, విల్లు ఊగకుండా ఆపే స్టెబిలైజర్లు అన్నీ కొంటే లక్ష పైమాటే. అది మావల్ల కాదు. తక్కువ ధరలో టేక్‌డౌన్ చూడమని సార్ చెప్పిన కారణం ఒక్కటే. నడుమ పట్టుకునే రైజర్ అలాగే ఉంటుంది, పిల్ల భుజం గట్టిపడేకొద్దీ పైనా కిందా ఉన్న లింబులు మాత్రం మార్చుకోవచ్చు. తాడు లాగడానికి పట్టే బరువు ఇప్పుడు 22 పౌండ్లు, వచ్చే ఏడాది 26, ఆ తర్వాత ఇంకొంచెం. విడదీసి సంచిలో పెట్టుకుంటే షేర్ ఆటోలో కూడా తీసుకెళ్ళొచ్చు. మీ పేజీలో ‘22 పౌండ్లు’, ‘ఐఎల్ఎఫ్ లింబులు సరిపోతాయి’ అని స్పష్టంగా ఉంది. ఐఎల్ఎఫ్ అంటే వేరే కంపెనీల లింబులు కూడా బిగించుకోగలిగే పద్ధతి. ఆ రెండు మాటలు చూసే మీది ఎంచుకున్నాం. అంతకంటే వెయ్యి రూపాయలు తక్కువకు వేరేది దొరికినా వద్దనుకున్నాం.

మొదటి వారంలోనే పాప భుజం నొప్పి అంది. కొత్త విల్లు కదా, అలవాటవుతుందిలే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. పది మీటర్ల నుంచి వేస్తే ఒకరోజు బాణాలన్నీ ఎడమకి, మర్నాడు కుడికి పోయేవి. రాత్రి పడుకునే ముందు ‘అమ్మా, నాకు ఇది రాదేమో’ అంది. మూడు వారాలు తప్పంతా తన చేతిదేననుకుంది.

సార్‌కి అనుమానం వచ్చి కొక్కెం ఉన్న చిన్న డిజిటల్ కాటా తెచ్చారు. టేపు నేను పట్టుకున్నాను. తాడుని 28 అంగుళాల దాకా లాగితే 22 పౌండ్లని లింబు మీద అచ్చు వేశారు. 28కి లాగితే కాటా 31 చూపించింది. మూడుసార్లు లాగాం, మూడుసార్లూ 31. మా పాప లాగే కొలత 26 అంగుళాలు. 22 పౌండ్ల విల్లయితే అక్కడ 18 దగ్గర ఉండాలి, కాటాలో 27 కనపడింది. అంటే ప్రతి బాణానికీ నాలుగు కిలోలు అదనం. రోజుకి అరవై బాణాలు వేసే పద్నాలుగేళ్ళ పిల్ల భుజం మీద ఆ నాలుగు కిలోలు ఏం చేస్తాయో విల్లులు అమ్మే మీకు నేను చెప్పాలా? ఒకటి రెండు పౌండ్ల తేడా మామూలేనని మీ ప్రతినిధి అన్నారు. ఒప్పుకుంటాను. ఇది తొమ్మిది.

తర్వాత సార్ విల్లుని నిలబెట్టి వెనకనుంచి చూడమన్నారు. అల్లెతాడు రెండు లింబుల నడిమధ్యగా, రైజర్ మధ్యగా పోవాలి. పై లింబు దగ్గర అది పక్కకి జరిగి ఉంది. బోల్టు విప్పి మళ్ళీ బిగిస్తే ఇంకోచోట నిలిచింది. లింబు కూర్చునే గాడి లూజుగా ఉంది, వేలితో కదిపితే కదులుతోంది. విప్పి బిగించిన ప్రతిసారీ బాణాలు ఇంకోవైపు పోవడానికి కారణం ఇదేనని అప్పుడు తెలిసింది. నేను కొలతల మీద బతికేదాన్ని. జాకెట్టు అర అంగుళం తేడా వస్తే కుట్లు విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను, దానికి డబ్బులు అడగను.

ఇక ఐఎల్ఎఫ్ మాట. ఐఎల్ఎఫ్ లింబు మొదట్లో చీలికలా గాడి ఉంటుంది, అది రైజర్ బోల్టు కిందకి జారి కూర్చుంటుంది. మీ రైజర్‌కి లింబు బెజ్జంలోంచి బోల్టు పోనిచ్చి బిగించాలి. ఐఎల్ఎఫ్ లింబు దీనికి ఎక్కదు. పోనీ ఈ రకంలోనే తర్వాతి బరువు లింబులు ఇవ్వమంటే విడిగా అమ్మడం లేదన్నారు. మరి ఇది టేక్‌డౌన్ అయి మాకేం లాభం?

తాడు తప్పుగా ఎక్కించడం వల్లే లింబు మెలి తిరిగిందని, వారంటీ రాదని మీ చివరి మెయిల్‌లో రాశారు. అల్లెతాడు ఎక్కించడానికి వాడే స్ట్రింగర్ తాడు పెట్టెలో ఉండాలి, అది లేదు, వీడియోలో చూడండి. సార్ తన స్ట్రింగర్‌తోనే మొదటినుంచీ ఎక్కించారు. అయినా తాడు తప్పుగా ఎక్కిస్తే 22 పౌండ్లు 31 అవుతాయా? ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందని కూడా అన్నారు. తప్పు అంకె అచ్చు వేసి, కాటా లేనివాళ్ళు ఏడు రోజుల్లో కనిపెట్టాలంటే ఎలా?

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. నా మొదటి మెయిల్‌కి జవాబు పదకొండో రోజున వచ్చింది. మీరు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయిస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వినియోగదారుల కమిషన్‌లో నేనుండే చోటే కేసు వేయొచ్చని కూడా తెలుసుకున్నాను. అంతదాకా పోవాలని నాకు లేదు, షాపు మూసి తిరిగే తీరికా లేదు.

నాకు కావాల్సింది ఇది. విల్లు వెనక్కి తీసుకుని 11,800 రూపాయలూ తిరిగి ఇవ్వండి, కొరియర్ ఖర్చు మీదే. లేదా గాడిలో కదలకుండా కూర్చునే, నిజంగా 22 పౌండ్లుండే లింబులు, రైజర్ పంపండి. పంపేముందు కాటా మీద లాగి, ఆ ఫోటో నాకు పెట్టండి. ఐఎల్ఎఫ్ అన్న మాట మీ పేజీలోంచి ఈరోజే తీసేయండి. ఇదే సరుకులో మిగిలిన లింబులు కూడా తూచి చూడండి, అవి ఇంకెవరి పిల్లల చేతికో వెళ్తాయి.

పాప ఇప్పుడు మళ్ళీ వెదురు విల్లుతోనే వేస్తోంది. భుజం నొప్పి తగ్గింది. మీ విల్లు పెట్టెలో సర్ది షాపులో ఉంచాను. ఎవరు, ఏ రోజు వచ్చి తీసుకెళ్తారో ఫోన్ నంబరుతో సహా రాయగలరు.

ఇట్లు,
మీ వినియోగదారురాలు