సాఫ్ట్‌బాల్ మీది నంబర్లు చూసి కొనండి

ఎడిటర్ గారికి నమస్తే,

సరదాగా ఆడే లీగుల వాళ్ళు సాఫ్ట్‌బాల్ కొనేటప్పుడు సైజు, రేటు చూసి తెచ్చేస్తున్నారు గానీ బాల్ మీద అచ్చేసిన నంబర్లు చూడట్లేదండీ, అసలు విషయమంతా అక్కడే ఉంది. ఆ నంబర్లలో ఒకటి కంప్రెషన్, అంటే బాల్‌ని పావు అంగుళం లోపలికి నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో ఆ లెక్క, 375 అయితే బాగా గట్టిది, 300 కాస్త మెత్తన. రెండో నంబరు సీఓఆర్ (కోఎఫిషెంట్ ఆఫ్ రెస్టిట్యూషన్) వేరు, గట్టి గోడకి తగిలాక వెళ్ళిన స్పీడులో ఎంత వంతుతో వెనక్కొస్తుందో అది చెప్తుంది, 0.52 బాల్ 0.44 కంటే చురుగ్గా వస్తుంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. పైగా ఎండకి బాల్ మెత్తబడుద్ది, చలికి గట్టిపడుద్ది, కాబట్టి కారు డిక్కీలో పడేసిన బాల్స్‌ని చేత్తో నొక్కి పోల్చడం దండగ. కొత్తవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు కలిసి ఆడేచోట కంప్రెషన్ 300 దాటొద్దనే నా అభిప్రాయం, బ్యాటర్‌కి దగ్గర్లో నిలబడి బాల్ వేసే పిచర్ మొహం గురించి ఆలోచించండి. లీగ్ నిర్వాహకులు సీజన్ మొదట్లోనే ఒకే రకం బాల్ ఖాయం చేసి అన్ని టీములకీ చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు