పిచ్చర్ ప్లాంటును దోమల మందులా అమ్మవద్దు

అయ్యా,

కొంతకాలంగా మా విశాఖపట్నంలో కొందరు నర్సరీలవారు పిచ్చర్ ప్లాంటును, అంటే ఆకుల కొనలకు వేలాడే కూజాలతో పురుగులను పట్టి తినే మొక్కను, ‘దోమలను తినే మొక్క’ అని చెప్పి అమ్ముతున్నారు. ఆ మాట నమ్మి కొన్నవారు దాన్ని పడకగదిలో వేలాడదీసి, దోమలు తగ్గలేదు సరికదా రెండు నెలలకే కూజాలన్నీ ఎండిపోయాయని వాపోతున్నారు. మొదట్లో నేనూ రెండు మొక్కలను చేజేతులా చంపుకున్నవాడినే కనుక ఈ విషయం మీ పాఠకుల దృష్టికి తేదలచాను.

కూజా పువ్వు కాదు. ఆకు కొన నుంచి సాగిన నులితీగ చివర ఏర్పడే ఆకు భాగమే. అంచున ఊరే తేనెకు ఆశపడి వచ్చిన పురుగులు కాలు జారి లోపలి ద్రవంలో పడి జీర్ణమవుతాయి. వాటిలో చీమలే ఎక్కువ. మూత టప్పున మూసుకుంటుందని చిన్నప్పుడు మేమంతా నమ్మేవాళ్లం గానీ, ఒకసారి తెరుచుకున్న మూత మళ్లీ మూసుకోదు. అది వాన నీరు నిండకుండా పట్టిన గొడుగు వంటిది. నత్రజని కరువైన నేలలో బతకడానికి ఈ మొక్క పురుగులను ఆశ్రయించింది కాబట్టి, మనం ప్రేమకొద్దీ కుండీలో వేసే ఎరువే దీని వేళ్లకు చేటు. నా మొదటి మొక్క వర్మీకంపోస్టు వల్ల పోయింది. రెండవది బోరు నీటిలోని లవణాల వల్ల పోయింది.

ఇప్పుడు వాన నీరు పట్టి ఉంచుకుంటున్నాను, అది అయిపోతే ఆర్వో నీరు పోస్తున్నాను. మట్టికి బదులు స్ఫాగ్నం అనే నాచు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లని గుళికలు కలిపి వాడుతున్నాను. కొబ్బరి పొట్టు వాడేవారు ఉప్పు పోయేదాకా దాన్ని పలుమార్లు కడగాలి. మొక్కకు మంచి వెలుతురు కావాలి గానీ మిట్టమధ్యాహ్నపు ఎండ పనికిరాదు. గాలిలో తేమ చాలకపోతే ఆకులు వస్తాయే తప్ప వాటి కొనలు కూజాలుగా మారకుండానే మాడిపోతాయి. ఈ విషయంలో మా సముద్రతీరం కంటే వేసవిలో హైదరాబాదువారికే కష్టం ఎక్కువ. కూజాలో మాంసం ముక్క వేస్తే అది కుళ్లి కూజానే పాడుచేస్తుంది. ఆరుబయట వేలాడదీస్తే తన తిండి తానే వెతుక్కుంటుంది.

మరొక మాట. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ (ఈ కూజా మొక్కల శాస్త్రీయ నామం) జాతి ఒక్కటే, మేఘాలయకు చెందిన నెపెంథిస్ ఖాసియానా. అక్కడి గారో తెగవారు దీన్ని మెమాంగ్ కోక్సీ, అంటే దయ్యం బుట్ట, అంటారు. అంతరించే ప్రమాదంలో ఉన్న ఈ మొక్కను అడవి నుంచి పెకలించి అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నర్సరీలలో దొరికేవి చాలావరకు వెంట్రాటా వంటి సంకర రకాలే అయినా, ‘అడవి నుంచి తెచ్చింది’ అని ఎవరైనా గొప్పగా చెబితే అక్కడ కొనకుండా ఉండటమే మంచిది.

అమ్మేవారు దోమల కబుర్లు మాని, ప్రతి కుండీకి ‘బోరు నీరు పోయవద్దు, ఎరువు వేయవద్దు’ అని తెలుగులో ఒక చీటీ కట్టి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం.