పాత ఇళ్ల కరెంటు పని గురించి మా ఖాతాదారులకు

ఈ వేసవి నుంచి మా దగ్గర ఒక పద్ధతి మారుతోంది. నలభై ఏళ్లు దాటిన ఇంట్లో ఏసీకి గానీ, గీజరుకు గానీ, ఇండక్షన్ పొయ్యికి గానీ కొత్త పాయింటు పెట్టమని పిలిస్తే, ముందు ఆ ఇంటి వైరింగు మొత్తం పరీక్షిస్తాం. పరీక్ష కాకుండా పాయింటు పెట్టం. పరీక్షకు 600 రూపాయలు తీసుకుంటాం. పని మాకే అప్పగిస్తే ఆ మొత్తాన్ని చివరి బిల్లులో తగ్గిస్తాం. మీటరు దగ్గర నిలబడి నోటిలెక్కగా అంచనా చెప్పడం కూడా మానేస్తున్నాం.

ఇది అందరికీ నచ్చదని తెలుసు. రాజమహేంద్రవరంలో ఇన్నీసుపేట, ఆర్యాపురం, దానవాయిపేట, సీతంపేట వైపు మా నాన్నగారి కాలం నుంచి మమ్మల్నే పిలిచే ఇళ్లున్నాయి. “ఒక్క పాయింటుకు ఇంత హడావిడి ఎందుకు బాబూ” అని అడిగే చనువు ఆ ఇళ్ల పెద్దలకు ఉంది. ఫోనులో రెండు ముక్కలు చెబితే సరిపోయే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ ఇళ్లకు వైరింగు చేసిన రోజుల్లో ఇంటికి కావలసినవి నాలుగైదు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ ఒకేసారి వేసినా లోడు ఐదారు వందల వాట్లు దాటేది కాదు. అరవై వాట్ల బల్బు లాగేది పావు ఆంపియరు. ఇప్పుడు ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. 2 కిలోవాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్లకు దగ్గరగా వెళుతుంది. ఇండక్షన్ పొయ్యి పెద్ద మంట మీద ఉంటే దానిదీ దాదాపు అదే లెక్క. పొద్దున్నే ఒకరు స్నానానికి గీజరు వేసి, ఒకరు పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టి, పడకగదిలో ఏసీ ఇంకా ఆపకపోతే, పాతిక ఆంపియర్లు ఒక్కసారిగా పాత మెయిను మీద పడతాయి.

ఆ వైర్లను దగ్గరగా చూసినవారు తక్కువ. గోడ మీద టేకు బద్దీ, దానిమీద చిన్న చిన్న రేకు క్లిప్పులతో బిగించిన వైర్లు. లోపలి రాగికి సాధారణంగా ఏమీ కాదు. పాడయ్యేది పైనున్న రబ్బరు తొడుగు. బల్బు వేడి ఏళ్ల తరబడి తగిలిన చోట, సీలింగ్ రోజ్ (పైకప్పుకు బిగించి, వైరు కిందికి దించే గుండ్రటి డబ్బా) మూత విప్పగానే ఆ రబ్బరు అప్పడంలా విరిగి చేతిలో రాలుతుంది. కదిలించనంత కాలం అది పనిచేస్తూనే ఉంటుంది. కొత్త ఫ్యాను బిగించడానికి ఒకసారి వంచితే చాలు, కరెంటు తెచ్చే ఫేజు వైరు, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ వైరు రెండూ తొడుగు లేకుండా పక్కపక్కన నిలబడతాయి. “ఇన్నాళ్లూ బాగానే ఉంది, మీరు వచ్చి ముట్టుకున్నాకే పోయింది” అన్న మాట పుట్టేది ఇక్కడే. అన్నవారి తప్పు లేదు, వాళ్లకు కనిపించింది అంతే. అందుకే ముట్టుకోకముందే చూసి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి ఇవ్వాలని నిర్ణయించాం.

కొంచెం తర్వాత కట్టిన ఇళ్లలో అల్యూమినియం వైరు ఉంటుంది. స్క్రూ కింద అది మెల్లగా అణిగి వదులవుతుంది, వదులైన చోట వేడెక్కుతుంది. దానికి కొత్త రాగి వైరును మెలిపెట్టి టేపు చుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ అతుకు ఎన్నాళ్లో నిలవదు. స్విచ్చిబోర్డు సన్‌మైకా మీద గోధుమరంగు మచ్చ కనబడితే దాని వెనక ఇలాంటి అతుకు ఉండే అవకాశం ఎక్కువ.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఎర్తింగు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే ఏర్పాటు. ఆర్యాపురంలో ఒక ఇంట్లో వాషింగ్ మెషీను ముట్టుకుంటే చేయి జివ్వుమంటోందని పిలిచారు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, బోర్డులో ఎర్తు వైరు ఉంది, దాన్ని బిగించిన తీరు కూడా బాగుంది. ఆ వైరు వెంట నడుచుకుంటూ పెరట్లోకి వెళితే, నూతి దగ్గరి ఇనుప నీళ్ల గొట్టానికి రాగి తీగతో చుట్టి ఉంది. కట్టిన రోజుల్లో అది నిజంగానే పనిచేసి ఉంటుంది, ఎందుకంటే అప్పుడు ఆ గొట్టం భూమిలోకి వెళ్లేది. తర్వాత ఎప్పుడో ప్లంబరు కింది భాగం కోసి పీవీసీ గొట్టం వేశాడు. పైన మూరెడు ఇనుప ముక్క గోడకు అలాగే మిగిలింది. ఇంటి ఎర్తు అంతా ఆ ముక్కతో ఆగిపోయింది. అంతకన్నా ఘోరం, ఇంట్లో ఏ ఒక్క వస్తువులో లీకేజి వచ్చినా, ఎర్తు వైరు కలిసిన ప్రతి వస్తువు పైరేకులోకీ, ఆ ఇనుప ముక్కకున్న కుళాయిలోకీ అదే కరెంటు వచ్చేస్తుంది. ప్లంబరుకు కరెంటు సంగతి తెలియదు, ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవలేదు. ఈ ఊళ్లో పైపులు మార్పించుకున్న పాత ఇల్లు మీదైతే, వేరే ఏ పనికీ పిలవకపోయినా ఈ ఒక్కటి చూపించుకోండి.

ఇంకొకటి ఫ్యూజుల సంగతి. చాలా పాత మెయిన్ బోర్డుల్లో పింగాణీ ఫ్యూజులు ఫేజుకు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి ఉంటాయి. న్యూట్రల్ ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటవుతుంది, కరెంటు లేదనుకుంటారు. నిజానికి ఫేజు ప్రతి హోల్డరు దాకా వచ్చి కాచుకుని ఉంటుంది. కుర్చీ ఎక్కి హోల్డరులో వేలు పెట్టినవాళ్లకు అది తెలిసే అవకాశమే లేదు. అలాంటి బోర్డు కనబడితే దాన్ని మార్చకుండా మిగతా పని మొదలుపెట్టం. ఈ విషయంలో బేరం ఆడవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

“మెయిన్ నుంచి ఏసీకి నేరుగా కొత్త లైను లాగెయ్యండి, పాతదాని జోలికి పోకండి” అని చాలామంది అంటారు. సగం సరైన మాటే. ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీతో (లోడు మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చి) విడిగానే లాగాలి. అయితే ఆ లైనుకు కూడా నమ్మదగిన ఎర్తు కావాలి, దాని ముందున్న మెయిను ఆ లోడు మోయాలి. పరీక్షలో ఆ రెండూ బాగున్నాయని తేలితే అదే రోజు పాయింటు పెట్టి వస్తాం. అలాంటి ఇళ్లూ ఉన్నాయి.

ఆర్‌సీసీబీ గురించి రెండు మాటలు. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే సరఫరా తెంచేస్తుంది. మనిషి ప్రాణం కాపాడే పరికరం ఇదే. ఎంసీబీ కాపాడేది వైరును. పాత ఇంట్లో దీన్ని పెట్టగానే ఊరికే ట్రిప్పవుతుందని ఫిర్యాదులు వస్తాయి. కారణం చాలాసార్లు పాత వైరింగే. ముందుగది ఫేజుకు వంటగది న్యూట్రల్ వాడి ఉంటారు, లేదా ఎక్కడో న్యూట్రల్‌ను ఎర్తుతో కలిపేసి ఉంటారు. కొందరు పనివాళ్లు విసిగిపోయి ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపేసి వెళ్లిపోతారు. మేము ఆ కలయికలను ఒక్కొక్క గదిగా వెతికి విడదీస్తాం. పని పూర్తయ్యాక బయటికి ఏమీ కనబడదు. దీనికి ఒక పూట పట్టవచ్చు, కూలి పడుతుంది. బిల్లులో “న్యూట్రల్ విడదీత” అని ఉంటే అది ఇదే.

పరీక్షకు వచ్చినప్పుడు మెయిన్ ఆపుతాం. టీవీ, ఫ్రిజ్, ఇన్వర్టరు అన్నీ విప్పి, మెగ్గర్ అనే కొలత పరికరంతో 500 వోల్టులు పంపి వైర్ల తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలుస్తాం. ఒక మెగోమ్ (తొడుగు గట్టిదనాన్ని చెప్పే కొలత) కన్నా తక్కువ చూపించిన లైనులో కొత్త లోడు వెయ్యం. ఎర్తును కొలుస్తాం, అటక ఎక్కి చూస్తాం. పెంకుటిళ్లలో దూలాల మీదుగా వెళ్లే వైర్లను ఎలుకలు కొరికేస్తాయి, అది కింద నుంచి కనబడదు. చూసినదంతా రాసి ఇస్తాం. ఆ కాగితం మీది. దాన్ని పట్టుకుని వేరేవాళ్లతో పని చేయించుకున్నా మాకు అభ్యంతరం లేదు. ఎవరిని పిలిచినా వైర్‌మన్ పర్మిటు ఉందా, మెగ్గర్ తెస్తారా, ఆర్‌సీసీబీ పెడతారా అని అడగండి. మొహమాటపడవద్దు.

గోడల సంగతి ముందే చెప్పాలి. గానుగ సున్నంతో కట్టిన గోడకు గాడి కొడితే ఆ గాడి మేరకే ఊడదు, గార పెచ్చులు పెచ్చులుగా వస్తుంది. తాపీపని మా అంచనాలో ఉండదు. అలాంటి ఇళ్లకు నా సలహా, గోడ తవ్వకుండా పైనే పైపు వేయించుకోవడం. మండువా ఇళ్లలో దూలం పక్కగా, గుమ్మం పైకొయ్య వెంట నడిపిస్తే పెద్దగా కంటికి ఆనదు. అందమైన పాత ఇంటిని తవ్వి పాడుచేయడం నాకు మనసొప్పదు.

డబ్బు విషయం. 2024 మేలో లండన్ లోహాల మార్కెట్లో టన్ను రాగి 11 వేల డాలర్లు దాటింది. ఆ తర్వాత నుంచి వైరు ధర ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పడం కష్టంగా ఉంది. అందుకే సామాను ఖర్చు ముందే తీసుకుంటాం, రాతపూర్వక అంచనా పదిహేను రోజులే నిలుస్తుంది. వైరు కాయిలు మీ ఎదుటే విప్పుతాం, ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. పాత వైరింగులోంచి తీసిన రాగి మీదే. తూకం వేసి మీ చేతికి ఇస్తాం.

మొత్తం ఒకేసారి చేయించుకోలేనివారు ముందు ఎర్తింగు, మెయిన్ బోర్డు చేయించుకోండి. తర్వాత వంటగది, స్నానాలగది. బల్బులు, ఫ్యాన్ల లైన్ల రబ్బరు ఇంకా గట్టిగా ఉంటే అవి మరుసటి ఏడాది దాకా ఆగవచ్చు. ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక వాటి మీద లోడు తగ్గింది కూడా. బిల్లు మీద ఉన్న కాంట్రాక్టు లోడు (మీ కనెక్షనుకు అనుమతించిన లోడు) చాలకపోతే అదనపు లోడుకు కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు చేయాలి. ఫారం నింపి ఇస్తాం గానీ, మీటరు సీలు మాత్రం మేము ముట్టుకోం.

హైదరాబాదు నుంచి, అమెరికా నుంచి అమ్మానాన్నల ఇంటి కోసం ఫోను చేసే పిల్లలకు ఒక విన్నపం. వాట్సాప్‌లో బోర్డు ఫొటో పంపి ధర అడుగుతున్నారు. మీ ఆత్రుత అర్థమవుతుంది. కానీ బోర్డు వెనక ఏముందో ఫొటోలో కనబడదు. పరీక్ష రోజున వీడియో కాల్‌లో ఉండండి, ప్రతి బోర్డూ విప్పి చూపిస్తాం. పెద్దవాళ్లను ఒప్పించవలసింది మాత్రం మీరే.

ఆలస్యాల గురించి కూడా దాచను. ఐటీఐ చదివి మా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు మంచి జీతానికి గల్ఫుకో, హైదరాబాదుకో వెళుతున్నారు. వాళ్లు బాగుపడాలి, ఆపను. కొత్తవారిని పాత ఇంటి మీద ఒంటరిగా పంపను కాబట్టి ఒకరోజుకు ఒక్క పాత ఇంటినే ఒప్పుకుంటున్నాం. పైగా 2027 గోదావరి పుష్కరాలకు చుట్టాలు వస్తారని ఇప్పటి నుంచే ఇళ్లు బాగు చేయించుకుంటున్నారు. 2015 పుష్కరాల ముందు నెలలో ఊళ్లో ఎలక్ట్రీషియన్ దొరకడం ఎంత కష్టమైందో గుర్తున్నవాళ్లు తొందరపడుతున్నారు, అది మంచిదే.

కాబట్టి మార్చి నెలాఖరులోపు పరీక్ష చేయించుకున్నవారికి ఏప్రిల్, మే నెలల్లో ముందుగా పని కేటాయిస్తాం. మేము వచ్చే రోజుకు కరెంటు బిల్లు తీసి ఉంచండి, అటక మీద సామాను కొంచెం జరపండి, పూటంతా కరెంటు ఉండదు కాబట్టి మోటారు వేసి నీళ్లు పట్టుకోండి. షాక్ కొడుతున్నా, మాడిన వాసన వస్తున్నా మాత్రం వరుస కోసం ఆగవద్దు. మెయిన్ ఆపి వెంటనే షాపుకు ఫోను చేయండి. ఆ పిలుపుకు రాత్రయినా వస్తాం, పరీక్ష రుసుము తీసుకోం.