రైలు ఆగని ఊళ్లో ఇల్లు

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. మాటల మధ్యలో మీ చిన్నత్త ఒక సంగతి చెప్పింది: నువ్వూ అల్లుడుగారూ అమెరికాలో, కాన్సస్‌లో, ఒకప్పుడు రైలు ఆగి ఇప్పుడు పదిళ్లు కూడా మిగలని పల్లెలో ఇల్లు చూస్తున్నారట. నిజమా అని నేను అడగను.

అలాంటి ఊళ్ల సంగతి ఉద్యోగంలో కళ్లారా చూసినవాణ్ణి కనుక రెండు మాటలు. నేను కొత్తగా చేరిన రోడ్‌సైడ్ స్టేషనులో ప్యాసింజరు ఆగీ ఆగగానే ఫైర్‌మన్ ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ ఉండే టెండరు మీదికెక్కి, నీళ్ల స్తంభం (వాటర్ కాలమ్) తోలు గొట్టాన్ని లోపలికి దించేవాడు, కింద పోర్టరు చక్రం తిప్పేవాడు, పొర్లిపడే నీళ్ల కోసం ఆడవాళ్లు బిందెలతో కాచుకొని ఉండేవారు. ఇంజను నీళ్లు తాగేలోగా టపా సంచి దిగేది, కూరగాయల గంపలు ఎక్కేవి, పెళ్లి సంబంధాలు కూడా కుదిరేవి. డీజిల్ వచ్చాక బండికి నీళ్లతో పనిలేదు. దానితో ఆగవలసిన పని కూడా పోయింది. ముందు గంపలవాళ్లు వెళ్లిపోయారు, తరువాత క్వార్టర్లకు తాళాలు పడ్డాయి.

మీ దేశంలోనూ ఇదే వరస. 1916 నాటికి సుమారు 4 లక్షల కిలోమీటర్లున్న రైలుమార్గాలు ఆపైన తరుగుతూ వచ్చాయి. 1950లలో ఆవిరి ఇంజన్లు పోయాయి, 1967లో చాలా బండ్లకు టపా మోసినందుకు వచ్చే బాడుగ కూడా పోయింది. బాడుగ రాని బండిని ఏ కంపెనీ మాత్రం నడుపుతుంది?

ఆ ఇల్లు, చూస్తున్నట్లయితేనే సుమా, పాత లైను పక్కనే అయితే హద్దులు సర్వేయరుచేత కొలిపించుకో. పట్టాలు పీకేసినంత మాత్రాన రైల్వే హక్కు పోయినట్లు కాదు. 1983 నాటి చట్టం ప్రకారం దారిని కాలిబాటగా ఉంచి, తరువాత మళ్లీ రైలు వేసే వీలు నిలుపుకోవచ్చు. పట్టాల కింది చెక్క స్లీపర్లకు పుచ్చకుండా పూసిన క్రియోసోటు అనే తారు నూనె, కలుపు చంపడానికి చల్లిన ఆర్సెనిక్ మందులు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి కనుక, పరీక్ష చేయించనిదే వంకాయ మొక్క కూడా నాటవద్దు. అల్లుడుగారికి ఉబ్బసం ఉంది. ఆసుపత్రి ఎంత దూరమో, మంచు కురిస్తే ఆ రోడ్డును ఎవరు శుభ్రం చేస్తారో ముందే కనుక్కోండి.

బావి నీళ్ల పరీక్ష కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. చిన్నత్తకు మాత్రం నేను వ్రాసినట్లు చెప్పకు.

మీ నాన్న