అధ్యక్ష పాలన కావాలంటే ముందు విప్ సంగతి తేల్చండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎన్నికల ప్రస్తావన వస్తే చాలు, శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ టీ కొట్ల దగ్గర ఒకటే వాదన: ‘అమెరికాలో లాగా ఒక్కణ్ని నేరుగా ఎన్నుకుంటే పొత్తుల గొడవ ఉండదు, పనులు చకచకా అయిపోతాయి’ అని. చదువుకున్న కుర్రాళ్లు కూడా ఇదే అంటుంటే బాధేస్తోంది.

అసలు అక్కడా ఎన్నిక నేరుగా జరగదు. జనం ఓట్లతో ఎంపికై అధ్యక్షుణ్ని ఎన్నుకునే 538 మంది ఎలక్టర్లలో కనీసం 270 మంది మద్దతు కావాలి. 2016లో ఎక్కువ మంది జనం ఓటేసింది హిల్లరీ క్లింటన్‌కి, అధ్యక్షుడైంది ట్రంప్. నాలుగేళ్లూ పదవికి అవిశ్వాస తీర్మానంతో ఢోకా లేదన్నది మాత్రం నిజమే. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినట్టు అక్కడ పడదు. కానీ డబ్బు మంజూరు చేసేది కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు. 2018 డిసెంబరులో మెక్సికో సరిహద్దు గోడ నిధుల దగ్గర పేచీ వచ్చి, చాలా శాఖలు 35 రోజులు మూతపడ్డాయి. ఉద్యోగులకు జీతాల్లేవు.

ఇలాంటి పేచీ మనకేమీ కొత్త కాదు. ఎంపీపీని ఎంపీటీసీలు ఎన్నుకుంటారు గానీ సర్పంచిని మనమే ఎన్నుకుంటాం. మా పక్క ఊళ్లో సర్పంచిది ఒక వర్గం, వార్డు మెంబర్లలో ఎక్కువ మందిది ఇంకో వర్గం. కాలువ పూడిక తీయించాలని సమావేశం పెడితే కోరం లేదని వాయిదా, మళ్లీ పెడితే మళ్లీ వాయిదా. ఈలోగా వానలు పడి మురుగు బడి గేటు దాకా వచ్చేసింది. మెంబర్లు ఆయన్ని అవిశ్వాసం పెట్టి దించలేరు, వాళ్లను కాదని ఆయనా ఏమీ చేయలేడు. ఇబ్బంది పడింది పిల్లలు.

అయినా అమెరికాలో ఆ పద్ధతి నడుస్తోందంటే, సభ్యుడికి తన ఓటు తాను వేసుకునే స్వేచ్ఛ ఉండబట్టే. 2019 మార్చిలో ఆ గోడ కోసం ట్రంప్ పెట్టిన ఎమర్జెన్సీ వద్దని ఎగువ సభ సెనేట్‌లో ఆయన సొంత పార్టీ సెనేటర్లే 12 మంది ఓటేశారు. ఎవరి సీటూ పోలేదు. మన దగ్గర 1985 నాటి ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్‌ని, అంటే సభలో ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని, ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ఈ విప్‌ని ఇలాగే ఉంచి అధ్యక్షుణ్ని తెచ్చుకుంటే, అవిశ్వాసంతో దించే దారీ ఉండదు, ఆయన పార్టీకి మెజారిటీ వస్తే సభలో అడ్డు చెప్పేవాడూ ఉండడు. నాకు భయం అక్కడే.

ఇంకొకటి. అక్కడ మంత్రి అయితే సభ్యత్వం వదులుకోవాలి. 2025లో మార్కో రూబియో సెనేట్ సీటు అలాగే వదిలారు. మన దగ్గర 1952లో పాతపట్నం నుంచి గెలిచిన వి.వి.గిరి గారైనా, ఇప్పటి మన ఎంపీ రామ్మోహన్ నాయుడు గారైనా ఎంపీగా ఉంటూనే కేంద్ర మంత్రులయ్యారు. మంత్రి సభలో లేచి జవాబు చెప్పాల్సిందే. ఈ హక్కును చులకనగా వదులుకోకూడదు.

విప్ భయం విశ్వాస పరీక్ష లాంటి కొద్ది సందర్భాలకే ఉండాలని ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. రాజ్యాంగం మార్చమనే పెద్దలు ముందు ఆ సిఫార్సు మీద తమ పార్టీ వైఖరేమిటో మన జిల్లా ఓటర్లకు చెప్పాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సోషల్ మాస్టారు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా