డాబీ మగ్గాన్ని ఎందుకు పట్టించుకోవడం లేదు?

సంపాదకులకు నమస్కారం.

జాతీయ చేనేత దినోత్సవం, ఆగస్టు 7 వచ్చిందంటే పత్రికల్లో చేనేత మీద పేజీలు వస్తాయి, మీరూ బాగానే వేస్తారు, కాదనను. కానీ ఏ ఏడు చూసినా అవే రెండు బొమ్మలు: గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసే పెద్దాయన, లేకపోతే చిల్లుల కార్డులతో పెద్ద పెద్ద డిజైన్లు తీసే జాకార్డ్ మీద పట్టుచీర. ఈ రెంటికీ మధ్యలో, మగ్గానికి బిగించి చిన్న డిజైన్లు నేసుకునే డాబీ అనే సాధనం ఒకటుంది. మాది మంగళగిరిలో నేత కుటుంబం, మాలాంటి నూలు నేతవాళ్లకు జాకార్డ్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. దాని గురించి రాసేవాళ్లూ లేరు, అడిగేవాళ్లూ లేరు.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. సాదా నేతకు పడుగు (నిలువు) పోగుల్ని పైకీ కిందికీ కదిపే షాఫ్టులు రెండు చాలు, పోగు సన్నమైతే నాలుగు పెట్టుకుంటారు, కాళ్ల కింద తొక్కుడు కర్రలతో పని అయిపోతుంది. బట్టలో డైమండ్, ట్విల్, తేనెపట్టు నేత, చిన్న బుటా, అంచులో సన్నటి డిజైన్ కావాలంటే షాఫ్టులు పెరగాలి. నాలుగు షాఫ్టుల్ని లేపే తీర్లు 14 ఉంటే ఎనిమిదికి 254, పదహారుకైతే 65 వేలు దాటతాయి. మనిషికున్నవి రెండే కాళ్లు, అన్ని తొక్కుడు కర్రలు ఎక్కడ కడతాం? డాబీలో దీనికోసం చెక్క పట్టీల గొలుసు ఉంటుంది. పట్టీలకు చిల్లులు, ఆ చిల్లుల్లో చిన్న మేకులు. మేకు ఉన్న చోట ఆ షాఫ్టు లేస్తుంది, లేని చోట కిందే ఉంటుంది, ఒక్కో పేకకు (అడ్డపోగుకు) ఒక్కో పట్టీ. తొక్కినప్పుడల్లా గొలుసు ఒక పట్టీ ముందుకు జరుగుతుంది. డిజైన్ మార్చాలంటే మేకులు తీసి వేరే చోట గుచ్చుకుంటే సరిపోతుంది, జాకార్డ్‌కు లాగా కార్డులు కొట్టించుకోవడానికి ఇంకో ఊరు వెళ్లక్కర్లేదు.

జాకార్డ్ గొప్పదే, నెమలినో ఏనుగునో నేయాలంటే అదే కావాలి. కానీ దానికి కప్పు ఎత్తుగా ఉండాలి, వందల తాళ్లు కట్టాలి, ప్రతి డిజైన్‌కూ కొత్త కార్డుల ఖర్చు. చిన్న ఇంట్లో డ్రెస్ మెటీరియల్, టవళ్లు, దుప్పట్లు నేసుకునే కుటుంబానికి పదహారు షాఫ్టుల డాబీ ఉంటే నెలకో కొత్త రకం తీయొచ్చు. అది కూడా గట్టి ఫ్రేమ్ మగ్గం మీదైతే ఇంకా మంచిది, వానాకాలం గుంటలోకి నీళ్లొచ్చి పని ఆగిపోయే బాధ ఉండదు.

మరి ఎందుకు వాడటం లేదంటారా? కేంద్ర ప్రభుత్వం హథ్‌కర్ఘా సంవర్ధన్ సహాయత కింద మగ్గాలకు, డాబీ లాంటి పరికరాలకు ఖర్చులో 90 శాతం ఇస్తుంది, మిగతా పది నేతన్న పెట్టుకోవాలి. పథకం మంచిదే, నేను తప్పు పట్టేది అది కాదు. సామాను ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో చూడండి. మా వీధిలో ఒకరికి డాబీ వచ్చింది, బిగించడానికి మనిషి వచ్చాడు, ఒక్క పూటలో బిగించి వెళ్లిపోయాడు. గ్రాఫ్ కాగితం మీద డిజైన్ చూసి ఏ చిల్లులో మేకు గుచ్చాలో చెప్పినవాళ్లు లేరు. వానలకు పట్టీలు ఉబ్బాయి, మేకులు ఊడిపోయాయి, ఒక్క మేకు ఊడినా డిజైన్ తిరిగొచ్చిన ప్రతిసారీ అదే చోట తప్పు పడుతుంది. ఆ తప్పుకి, నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ కూలి కోస్తాడు. చివరికి విప్పి అటకెక్కించి మళ్లీ సాదా నేతకే వచ్చారు, లెక్కల్లో మాత్రం ఆ మగ్గం ఆధునికీకరణ అయినట్టే.

ఇంకోటి, మోకాళ్ల సంగతి. ఎక్కువ షాఫ్టులు ఒకేసారి లేపితే తొక్కే బరువు పెరుగుతుంది, రోజంతా అదే తొక్కుడు. దీనికి తెలిసినవాళ్లు చేసే పని ఒకటుంది, బట్టను తిరగేసి నేయడం, అంటే మంచి వైపు కిందికి వచ్చేలా మేకులు పెట్టుకుంటే తక్కువ షాఫ్టులు లేపి అదే డిజైన్ తీయొచ్చు. ఖర్చు లేని చిట్కా, చెప్పేవాళ్లుంటే కదా!

అమెరికాలో ఏవీఎల్, నెదర్లాండ్స్‌లో లూయెట్ లాంటి కంపెనీలు కంప్యూటర్ డాబీ మగ్గాలు చేస్తున్నాయి. ఏ షాఫ్టు లేవాలో కంప్యూటర్ చెప్తుంది, లేపేది మాత్రం మనిషి కాలే. మేకులు లేవు, పట్టీలు లేవు. అక్కడ సరదాగా నేసేవాళ్లు కూడా 24, 32 షాఫ్టులతో నేస్తున్నారు. అవి కొనమని నేననను, మనకు అందే ధరలు కావు. కానీ ఆసు పోయడంలో, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పే పనిలో, తల్లి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి బుర్రలున్న నేల మీద, ఫోన్ నుంచి డిజైన్ తీసుకునే చవక డాబీ పెట్టె చేయలేమా? వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరున్న చేనేత సాంకేతిక సంస్థ ఉంది, హైదరాబాద్‌లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో ఇప్పుడు ఇంకోటి వచ్చింది. విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇదే ఇవ్వొచ్చు.

అలా చేస్తే అది చేనేత కాదంటారేమో అన్న భయం నేతవాళ్లలో ఉంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం పవర్‌లూమ్ కానిది ఏదైనా చేనేతే, పవర్‌తో నడిచేది పవర్‌లూమ్. పేకను అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను చెయ్యి విసురుతూ, షాఫ్టులు కాలు లేపుతూ ఉంటే, ఏవి లేవాలో ఎంచడానికి ఒక చిన్న బ్యాటరీ వాడినంత మాత్రాన మగ్గం పవర్‌తో నడిచినట్టు కాదని నా వాదన. నేను ఒప్పుకున్నంత మాత్రాన చాలదు, చేనేత శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే రేపు అసలైన చేనేత బట్టకు ఇచ్చే చేనేత మార్క్ దగ్గర ఇబ్బంది పెడతారేమోనన్న టెన్షన్‌తో ఎవరూ ముందుకు రారు.

అధికారులను నేను అడిగేవి పెద్దవేం కాదు. డాబీ ఇచ్చినప్పుడు కనీసం ఒక డిజైన్ పూర్తిగా నేసి బట్ట కోసేదాకా నేర్పే మనిషి పక్కన ఉండాలి. పట్టీలు, మేకులు, స్ప్రింగులు సొసైటీలో దొరకాలి. విజయవాడ, హైదరాబాద్ వీవర్స్ సర్వీస్ సెంటర్లు డాబీ డిజైన్లను ఏ పట్టీలో ఏ చిల్లుకు మేకు రావాలో గుర్తులతో సహా తెలుగులో ఉచితంగా ఇవ్వాలి. మీ విలేకరులు కూడా ఈసారి ఆగస్టు దాకా ఆగకుండా, పథకంలో ఇచ్చిన డాబీల్లో ఎన్ని నడుస్తున్నాయో నాలుగు ఊళ్లు తిరిగి అడిగి రాయండి, మా వీధికి వస్తే నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు
ఒక చేనేత కుటుంబ సభ్యుడు, మంగళగిరి